బోర్లా పడుకుని విన్న ఆట

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ దేవకుమార్‌కి గట్టిగా చెప్పింది.

"కంట్లో గాలి బుడగ పెట్టాం. అది వెనక పొరని నొక్కి పట్టుకోవాలంటే మీరు బోర్లా పడుకోవాలి. కూర్చున్నా, అన్నం తింటున్నా ముఖం కిందికే ఉండాలి. బుడగ బాగా చిన్నదయ్యేదాకా అంతే. మధ్యలో వెల్లకిలా తిరిగారంటే పొర మళ్ళీ ఊడి వచ్చేస్తుంది."

దేవకుమార్ స్టీల్ ప్లాంటులో కడ్డీలు తీసే మిల్లులో పనిచేసేవాడు. ఎర్రగా కాలిన ఇనుము పాములా పరుగెత్తుకొస్తుంటే గాజు గదిలో కూర్చుని మీటలు నొక్కడం అతని పని. చిన్నప్పటినుంచీ సీసా అడుగులాంటి కళ్ళద్దాలు. కుడికన్ను పుట్టుకతోనే మందం. దానికి మనుషులు కదిలే రంగు మచ్చల్లా కనిపిస్తారంతే. బతుకంతా ఎడమ కంటి మీదే నెట్టుకొచ్చాడు. ఒకరోజు పొద్దున్న ప్లాంటు బస్సు కోసం నిలబడి ఉండగా ఆ ఎడమ కంట్లోకే పక్కనుంచి నల్లటి తెర ఒకటి జారుకుంటూ వచ్చింది. మబ్బు పట్టిందనుకుని తల పైకెత్తాడు. ఆకాశం సగమే ఉంది.

ఇల్లు మల్కాపురంలో, మేడ మీద వాటా. పోర్టులో ఓడ కూత వేస్తే కిటికీ రెక్క సన్నగా అదురుతుంది. అతని తల్లి దీవెనమ్మ పాత నేతచీర ఒకటి చుట్టకుదురులా చుట్టి, దాని మీద కొడుకు నుదురు ఆనేట్టు మంచం చివర అమర్చింది. కన్ను తెరిచినా మూసినా అతనికి కింద గచ్చు ఒక్కటే. అదీ నీళ్ళలోంచి చూసినట్టు ఊగుతూ ఉండేది. దాని మధ్యలో గుండ్రంగా, వెండి పూత పూసినట్టు బుడగ.

మొదట్లో అతను ఎవరితోనూ మాట్లాడలేదు. కన్ను వస్తుందా అని అడిగితే డాక్టరమ్మ "చూద్దాం" అంది. ఆ మాట తలలో తిరుగుతూనే ఉంది.

అతని భార్య రోజలిన్ మేనమామ కూతురే. ఊహ తెలిసినప్పటినుంచీ అతన్ని బావా అనే పిలుస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో విచారణ కౌంటర్ దగ్గర మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఉద్యోగం. పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. ఒక మధ్యాహ్నం మంచం పక్కన గచ్చు మీదే చతికిలబడి, కింది నుంచి అతని ముఖంలోకి చూసింది.

"ఏటి కావాలి బావా నీకు? ఏదో ఒకటి అడుగు. ఇలగ రాయిలా పడుంటే నాను సూళ్ళేకపోతన్నాను."

అతను గచ్చు కేసే చూస్తూ, "ఆ బొమ్మల సీరియలు తర్వాత ఏటైందో తెలిస్తే బాగున్ను," అన్నాడు.

మిల్లులో తోటివాడు జావేద్ ప్లాంటు బస్సులో ఫోన్ చూపించి అలవాటు చేసిన జపాను సీరియల్ అది. పేరు మన భాషలో చెప్పాలంటే 'తూర్పు గాలి.' ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో పెట్టుకుని, పోతూ వస్తూ సగందాకా చూశారు. అదంతా మాజాంగ్ అనే బిళ్ళల జూదం కథ. రోజలిన్ మొహం చిట్లించింది. ఆ ఇంట్లో పేకముక్క గడప దాటి ఎరగదు. దేవకుమార్ చిన్నతనంలో పక్కింటి నుంచి పేక తెచ్చి మేడలు కడుతుంటే, దీవెనమ్మ ముక్కలన్నీ ఊడ్చి పొయ్యిలో పెట్టేసింది.

"జూదమా? అత్త ఇంటే మనిద్దర్నీ గెంటీద్ది."

"మాటలు జపానువి. కింద ఇంగ్లీషులో రాత వస్తాది. నువ్వది సదివి సెప్పు. నాను వింటాను."

అలా మొదలైంది. ఫోన్‌ని నీళ్ళచెంబుకి ఆనించి, రోజలిన్ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొదట్లో బస్సులు చెప్పినట్టే చెప్పేది. "నలుగురు కూర్చున్నారు. ఒకడు బిళ్ళ తీసాడు. ఒకడు బిళ్ళ పడీసాడు. ఇప్పుడు అందరూ ఒకడి ముఖం సూత్తన్నారు." దేవకుమార్‌కి చాలారోజుల తర్వాత నవ్వొచ్చింది.

"ఆ బిళ్ళల మీద ఏటున్నాయి?"

"ఒకదాని మీద గుండ్రాలు. ఒకదాని మీద వెదురు కర్రలు. కింద వెదురొకటి అని రాత వచ్చిన దాని మీద మాత్రం కర్ర లేదు, పిట్టుంది. ఎందుకేటి?"

"ఎందుకో నాకూ తెలీదు. మన పదమూడు ముక్కలాట లాంటిదేలే. ఒకటి తియ్యాలి, ఒకటి పడెయ్యాలి. మూడేసి బిళ్ళలు జట్టు కట్టాలి. గాలుల పేర్లు కూడా ఉంటాయి. తూరుపు, దక్షిణం, పడమర, ఉత్తరం. ఇంకోటి ఉంటాది, దాని మీద ఏటీ ఉండదు. వట్టి తెలుపు."

"అదేటి ఆటో," అంది గానీ మర్నాడు తనే ముందుగా చెంబు తెచ్చి పెట్టింది.

కథ ఇదీ. ఓడరేవు ఊరొకటి. ఆ ఊళ్ళో కొండ మీద కురోదా అనే ముసలాయన మహలు. అక్కడ డబ్బు పందెం ఎవరూ కాయరు. డబ్బంటే కురోదాకి విసుగు. ఒకడు తన పేరు పందెం కాసి ఓడిపోయి, పేరు లేకుండా కొండ దిగి పోయాడు. ఇంకొకడు అమ్మ వంట రుచి కాసి ఓడాడు. వాడికి ఆ తర్వాత ఏం తిన్నా మట్టిలా ఉండేది. రెన్ అనే కుర్రాడి అక్క కూడా అలాగే పేరు ఓడిపోయి, ఆ మహల్లో టీ కప్పులు అందిస్తూ ఉండిపోయింది. తమ్ముడు ఎదురుపడినా గుర్తు పట్టదు. ఆమె పేరు గెలుచుకుని తీసుకుపోదామని రెన్ ఓడ దిగి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు.

దీవెనమ్మ గుమ్మం దగ్గర చింతపండు పిక్కలు తీస్తూ, విననట్టే వింటూ ఉండేది. జూదమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమే అడగలేదు. ఒక సాయంత్రం ఇంటి ప్రార్థనలో కొడుకు కంటి కోసం వేడుకున్నాక, కాస్త ఆగి, "అలాగే తండ్రీ, ఆ రెన్ బాబుని కూడా నీ సేతుల్లో పెడతన్నాను. ఆళ్ళ అక్క ఆడిని గురుతు పట్టేట్టు సెయ్యి," అంది. రోజలిన్ పెదవి కొరుక్కుని తల దించుకుంది. దేవకుమార్ తల ఎలాగూ దించే ఉంది.

బోర్లా పడుకున్నవాడికి నిద్రకీ మెలకువకీ గోడ ఉండదు. రోజలిన్ గొంతు వింటూ వింటూ దేవకుమార్ జారిపోయేవాడు. బిళ్ళలు పేర్చిన గోడ పోర్టులో కంటైనర్ల దొంతరయ్యేది. నీలం, తుప్పు ఎరుపు, ఆకుపచ్చ. క్రేను మెల్లగా మెడ వంచి ఒక్కొక్కటీ తీసి, తిప్పి చూసుకుని, సముద్రంలోకి వదిలేసేది. చప్పుడు ఉండేది కాదు. కింద నీళ్ళలో వెండి బుడగ ఊగుతూ ఉండేది. మిల్లులోంచి ఎర్రటి కడ్డీ ఒకటి బయటికొచ్చి, కాలకుండానే అతని అరచేతిలో చుట్టుకుని పడుకునేది. ఎవరో టీ కప్పు అందించేవారు. ముఖం ఎత్తి ఎవరో చూద్దామంటే ఎత్తకూడదని గుర్తొచ్చేది. మెలకువ వచ్చేసరికి ఆమె గొంతు ఇంకా సాగుతూనే ఉండేది. ఎక్కడ కల ఆగిందో, ఎక్కడ కథ మొదలైందో తెలిసేది కాదు.

కొన్నాళ్ళకి రోజలిన్ పద్ధతి మార్చింది.

"సౌండు పెడితే అత్తకి నిద్ర సెడతంది బావా. నాను వంటగదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సూసొచ్చి, మొత్తం ఒక్కపాలి సెప్తాను."

అప్పటినుంచీ కథ కూడా మారింది. రెన్ బల్ల దగ్గర్నుంచి లేచిపోయాడని చెప్పింది. కురోదా చాలా పెద్ద పందెం అడిగితే, "ఇయ్యాల కాదు," అని బిళ్ళలు తిరగేసి పెట్టి, కొండ దిగి బస్సెక్కాడట.

"లేచిపోయాడా? మధ్యలో లేవనిస్తారేటి?"

"లేచిపోయాడు మరి. నాను సూసిందే గదా సెప్తన్నాను."

బస్సు మన ఆనందపురం లాంటి జంక్షన్లో ఆగింది. తగరపువలస లాంటి సంత దాటింది. భీమిలి లాంటి ఒడ్డున దింపింది. అక్కడొక లైటు హౌసు. దాని కింద టీ కొట్టు నడిపే ముసలమ్మ. సాయంత్రమయ్యేసరికి ఆమె, వల బాగు చేసుకునే జాలరి, లైటు హౌసు కాపలాదారు కలిసి పాత బిళ్ళల పెట్టె ఒకటి తెరిచేవారు. నాలుగో మనిషి లేక ఇన్నాళ్ళూ ఉత్తరం వైపు పీట ఖాళీగా ఉండేది. రెన్ ఆ పీట మీద కూర్చున్నాడు. అక్కడ పందెం ఒకటే. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి ఒక పాట పాడాలి.

రోజలిన్ గొంతులోంచి మైకు పోయింది. మెల్లగా, చల్లగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పేది. జీడితోటల వెనక చంద్రుడు లేచేవాడు. సముద్రం వెనక్కి పోయినప్పుడు తడి ఇసుకలో బిళ్ళలు దొరికేవి, గవ్వలతో పాటు. ముసలమ్మ వాటిని కొంగుతో తుడిచి పెట్టెలో వేసేది.

"జపాన్లో జీడితోటలుంటాయేటి?" అన్నాడొకసారి దేవకుమార్.

"బొమ్మలో ఉన్నాయి బావా. నన్నడిగితే?"

"సరేలే. సెప్పు."

అతనికి అనుమానం రాకపోలేదు. కానీ ఆ ఒడ్డున గాలి బాగుంది. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. రెన్‌తో పాటు తనూ ఆ పీటల పక్కనే ఇసుకలో పడుకుని ఉన్నట్టుండేది. ఒక మధ్యాహ్నం టీ కొట్టు ముసలమ్మ రెన్‌తో అంది: "కొండ మీదాయన మీ అక్క పేరే గెలిచాడు బాబూ. సిన్నప్పుడు నువ్వు పిలిసిన ముద్దుపేరు ఆ పందెంలో లేదు గదా. ఆ పేరుతో పిలు." రెన్ కొండ కింద నిలబడి అలాగే పిలిచాడట. టీ కప్పులు పట్టుకున్న పిల్ల మెట్ల మీద ఆగిందట. గుమ్మం దగ్గర దీవెనమ్మ చింతపండు చేతుల్తోనే కళ్ళొత్తుకుంది.

బుడగ చిన్నదవుతూ వచ్చింది. తల ఎత్తవచ్చని డాక్టరమ్మ చెప్పేసరికి, అది చూపు అడుగున, బిళ్ళ మీది ఒంటి గుండ్రంలా మిగిలి, నడుస్తుంటే అల్లల్లాడేది. ఒక ఉదయం లేచి చూస్తే లేదు. ఆసుపత్రి గోడ మీద అక్షరాలు కొత్త కళ్ళద్దాలతో చాలావరకు చదివాడు. పొర నిలిచిందని డాక్టరమ్మ చెప్పింది. తిన్నటి గీతలు మాత్రం కాస్త ఒంగి కనిపిస్తాయి, అది పూర్తిగా పోకపోవచ్చంది. మళ్ళీ మిల్లు మీటల దగ్గర కూర్చోవద్దని రాసిచ్చింది. ప్లాంటు వాళ్ళు స్టోర్సులో పని చూస్తామన్నారు. ఎర్రటి కడ్డీ పరుగు ఇక చూడనని తెలిసి దేవకుమార్‌కి ఒక పూటంతా గుండె బరువెక్కింది. సాయంత్రానికి డాబా మీదికెళ్ళి, దూరాన లంగరేసిన ఓడల్ని ఒక్కొక్కటీ చూసుకుంటూ నిలబడ్డాడు. చూడగలుగుతున్నాడు. అది చాలనిపించింది.

ఆ వారంలోనే జావేద్ పాతనగరం బేకరీ నుంచి బన్నులు పట్టుకుని వచ్చాడు. రోజలిన్ డ్యూటీలో ఉంది.

"నీకు ఫోన్ చెయ్యాలంటే భయమేసింది దేవా," అన్నాడు. "ఆ సీరియలు చూసినప్పటినుంచీ మనసు మనసులో లేదు. యా అల్లా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, అక్కడ వాడి కళ్ళు..."

"ఎవడి కళ్ళు?"

"రెన్‌వి. కురోదా చూపు పందెం అడిగాడు కదా. వీడు కాసి ఓడిపోయాడు కదా." దేవకుమార్ ముఖం చూసి ఆగాడు. "నువ్వు చూడలేదా?"

దేవకుమార్ బన్ను తుంచుతూ, "లేదు. రోజలిన్ సెప్పింది గానీ, నానప్పుడు మత్తులో ఉన్నాను," అన్నాడు.

జావేద్ వెళ్ళాక ఫోన్ తీసి, తలుపు దగ్గరగా వేసుకుని ఆ భాగం పెట్టాడు. రెన్ లేవలేదు. బస్సెక్కలేదు. ఒడ్డు లేదు, జీడితోటలు లేవు. ఉన్నది బల్ల, దాని మీద వేలాడే ఒక్క దీపం. రెన్ ఒక బిళ్ళ వదిలాడు, కురోదా తన బిళ్ళలన్నీ తిప్పి పరిచాడు. దీపం రెన్ వైపునుంచి ఆరిపోతూ వచ్చింది. పక్కనుంచి నల్లటి తెర జారుకుంటూ వచ్చినట్టు. దేవకుమార్ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ కంటి మీదికి పోయింది. తర్వాతి భాగం కూడా పెట్టాడు.

రోజలిన్ వచ్చేసరికి అతను డాబా మీద ఉన్నాడు. ఆమె నెత్తళ్ళ చేపల గిన్నె తెచ్చుకుని పక్కనే కూర్చుని, తలలు గిల్లడం మొదలెట్టింది.

"జావేద్ వచ్చినాడు," అన్నాడు.

"అలగా. ఏటన్నాడు?"

"రెన్‌కి కళ్ళు పోయాయన్నాడు. నానూ సూసీసాను."

ఆమె వేళ్ళు ఆగాయి. కిందికే చూస్తూ, "కోపమొచ్చిందా?" అంది.

"లేదు."

"ఆ రోజు నీ పక్కనే కూకుని సూత్తన్నాను బావా. నువ్వు నిద్దరోతన్నావు. దీపం ఆరిపోయింది. నాను ఫోన్ ఆపీసి వంటింట్లోకి పారిపోయాను. కంట్లో బుడగ పెట్టుకుని నువ్వలగ బోర్లా ఉంటే, ఆడి కళ్ళు పోయాయని నీకెలగ సెప్పను? నోట్లోకి ఏదొత్తే అది సెప్పీసాను. ఆ తర్వాత ఆపడం సేతకాలేదు."

"తర్వాత భాగం సూళ్ళేదా నువ్వు?"

"ముట్టుకుంటే ఒట్టు."

"మరైతే విను," అని దేవకుమార్ గోడకి చేరగిలబడ్డాడు. "ఆడు ఆట మానలేదు. కళ్ళు పోయినా మర్నాడు అదే పీట మీద కూకున్నాడు. బిళ్ళ తీసినప్పుడు అడుగున బొటనవేలు పెట్టి తడిమేవాడు. గుండ్రాలైతే గుంటలు. వెదురైతే సన్నటి గాట్లు. కురోదా నవ్వాడు ముందు. తర్వాత తర్వాత నవ్వడం మానేసాడు. ఎందుకంటే ఆడి కళ్ళల్లోకి సూసి ఏటీ కనిపెట్టలేకపోతన్నాడు గదా. ఆకర్ని ఏ బిళ్ళ కోసం ఆగాడో తెలుసా? వట్టి తెలుపు. ఏటీ లేని బిళ్ళ. ఎంత తడిమినా నున్నగా ఉంది. అదే కావాలాడికి."

"గెలిసాడా?"

"ఆ ఆట గెలిసాడు. ఇంకా ఆకరి భాగముంది. అది నాను పెట్టలేదు."

రోజలిన్ మోచేత్తో ముఖం తుడుచుకుంది. "అయితే నాను ఉత్తినే బయపడ్డాను."

"ఉత్తినే కాదు. అప్పుడు నువ్వు అది సెప్పుంటే నాను తట్టుకోలేకపోదును. నీ రెన్‌తో ఒడ్డున పడుకుని బతికాను నాను."

ఆమె గిన్నెలోంచి ఒక నెత్తలి తీసి, గిల్లడం మరిచిపోయి, అలాగే పట్టుకుని కూర్చుంది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

చివరి భాగం ఆదివారం చర్చి నుంచి వచ్చాక ముగ్గురూ కలిసి చూశారు. ఒడ్డు కథ రోజలిన్ అల్లిందనీ, అసలిది జూదమనీ దీవెనమ్మకి అప్పుడు చెప్పారు. "నాకెప్పుడో తెలుసు. పదమూడు ముక్కలాటని మీరే అన్నారు గదా," అని మంచం మీద జరిగి చోటిచ్చింది. రోజలిన్ చదివి చెబుతోంది. దేవకుమార్ చూస్తున్నాడు. రెన్ గెలిచాడు. కురోదా ఒక కాగితం మడత అక్క చేతిలో పెట్టాడు. అందులో రాసిన పేరేమిటో సీరియల్ వాళ్ళు చూపించలేదు. ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దింపి ఓడ ఎక్కించింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నీళ్ళ చప్పుడు తప్ప మాట లేదు.

"ఇంతకీ ఆ పిల్ల పేరేటి?" అంది దీవెనమ్మ.

"సెప్పలేదత్తా."

"మరదేటి? దీనికంటే నువ్వు సెప్పిందే నయం పిల్లా. సుబ్బరంగా పిలిసాడు, సుబ్బరంగా దిగొచ్చింది."

దేవకుమార్ నవ్వి, చివరి బొమ్మగా తెర మీద మిగిలిన, మనుషులు లేచిపోయిన మహలు బల్ల వైపు వేలు చూపించాడు. బిళ్ళల గోడ ఇంకా దాని మీదే ఉంది.

"ఆ గోడ మధ్యలో కాస్త ఒంగినట్టుంది నాకు. నీకెలగుంది?"

రోజలిన్ ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి చూసింది. అతని ముఖంలోకి చూసింది. మళ్ళీ ఫోన్ చూసింది.

"కొంచెం ఒంగిందిలే బావా," అంది.

అది తిన్నగానే ఉందని అతనికి తెలుసు. అయినా సరేనన్నాడు. దీవెనమ్మ అన్నాలకి లేవమంది.